అల్లుడు కొన్న రైఫిలు

మన సంస్థ మెషిన్ షాపులోనూ, ఆ తరువాత తనిఖీ విభాగంలోనూ కలిపి ముప్పై మూడు సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. ఇన్నేళ్ళూ నా చేతిలో మెలగినవి వెర్నియరు, మైక్రోమీటరు, గేజులే గాని తుపాకి కాదు. అటువంటి నేను వేటకు పనికివచ్చే చౌక రైఫిళ్ళను గురించి మన పత్రికలో రాయడం పాఠక మిత్రులకు వింతగా తోచవచ్చు. 2019లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట ఆరు నెలలు గడిపాను. అప్పుడు మా అల్లుడు ఒక రైఫిలు ఎంచుకోవడం మొదటినుంచి చివరివరకు దగ్గర ఉండి చూశాను. ఆ ఎంపికలో నాకు కనిపించినది ఆయుధంకన్నా ఎక్కువగా మన షాపు విద్య. ఆ కారణంగానే ఈ నాలుగు మాటలు.

మన దేశంలో వేట ముచ్చట చాలాకాలం కిందటే ముగిసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత సరదా కోసం అడవి జంతువును చంపడం నేరం. అయినా బోల్ట్ యాక్షన్ రైఫిలు మనకు కొత్త కాదు. పశ్చిమ బెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పేరు, .315 స్పోర్టింగ్ రైఫిలు పేరు విననివారు లైసెన్సుదారులలో ఉండరు. 2021 అక్టోబరు 1 నుంచి ఆ కర్మాగారం కూడా మనవంటి ఒక ప్రభుత్వరంగ సంస్థలో భాగమైంది.

విస్కాన్సిన్ పరిస్థితి వేరు. అక్కడ తెల్లతోక జింకలు విస్తారం. మొక్కజొన్న, సోయా చేలను మేస్తాయి. రాత్రివేళ రోడ్ల మీద కార్లకు అడ్డుపడతాయి. వాటి సంఖ్యను అదుపులో ఉంచే బాధ్యత రాష్ట్ర సహజ వనరుల శాఖది. ప్రతి నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగకు ముందువచ్చే శనివారంనాడు తొమ్మిది రోజుల తుపాకి వేట కాలం మొదలవుతుంది. లైసెన్సు తప్పనిసరి. 1973 జనవరి 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు వేట భద్రతా శిక్షణలో ఉత్తీర్ణులు కానిదే ఆ లైసెన్సు దొరకదు. మరొక విశేషమేమంటే, 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్ళ మీద, తూటాల మీద 11 శాతం పన్ను వసూలవుతుంది. ఆ సొమ్ము రాష్ట్రాలకు చేరి వన్యప్రాణుల సంరక్షణకే ఖర్చవుతుంది.

అల్లుడి కార్యాలయంలో ఒక సహోద్యోగి తరతరాలుగా వేట తెలిసిన కుటుంబానికి చెందినవాడు. ఆయన ఆ సంవత్సరం తనతో రమ్మని పిలిచాడు. ఇంట్లో దుమారం అక్కడే మొదలయింది. మా అమ్మాయి సుతరామూ ఒప్పుకోలేదు. "నాన్నా, ఆరేళ్ళ పిల్లవాడున్న ఇంట్లోకి తుపాకి తెస్తానంటున్నారు. మీరైనా చెప్పండి" అంది. నాకూ లోపల ఇష్టం లేదు. పెరటి కంచె దాటి వచ్చి గడ్డి మేసి పోయే జింకలను మనవడితో కలిసి కిటికీలోంచి రోజూ చూస్తున్నవాడిని.

అల్లుడు శాంతంగా ఒక మాట అన్నాడు. "మామయ్యగారూ, మనం మాంసం తినేవాళ్ళమే. దుకాణంలో కాగితం చుట్టి ఇస్తే తింటున్నాం. దాని వెనుక ఉన్నది ఏమిటో ఒక్కసారైనా నా చేతులతో తెలుసుకోవాలని ఉంది. అయితే ఆ ప్రాణి విలవిలలాడకూడదు. ఆ నమ్మకం కలగకపోతే నేను వెళ్ళను."

ఆ మాట నన్ను ఆలోచింపజేసింది. వేటలో ఘోరం జింక చావడం కాదు, గురి తప్పిన గుండుతో కడుపులోనో కాలికో గాయపడి, ఎవరికీ దొరకకుండా పొదలలో గంటల తరబడి చావడం. కనుక రైఫిలు ఎంపిక అంటే డబ్బు లెక్క మాత్రమే కాదు. అవునని గాని కాదని గాని నేను అనలేదు. కొనేమాట నిజమైతే, మన షాపుకు వచ్చిన సరుకును తనిఖీ చేసినట్టు చేద్దామన్నాను. మా అమ్మాయి చివరికి రెండు షరతుల మీద ఒప్పుకుంది. మొదటిది, రైఫిలుకు ఉక్కు బీరువా, తూటాలకు వేరే తాళం. రెండవది, గురి కుదిరిందని తేలేవరకు అడవికి పోకూడదు. మొత్తం ఖర్చు 1,200 డాలర్లు దాటకూడదన్నది అల్లుడు తనకు తాను పెట్టుకున్న షరతు.

బోల్ట్ యాక్షన్ అంటే తలుపు గడియను తలచుకుంటే చాలు. పిడి పైకెత్తి వెనక్కు లాగితే ఖాళీ తొడుగు బయట పడుతుంది. ముందుకు తోసి పిడి దించితే కొత్త తూటా అరలో కూర్చుని గడియ బిగుస్తుంది. జర్మనీకి చెందిన పాల్ మౌజర్ 1898లో స్థిరపరచిన రూపమే నేటికీ చాలా రైఫిళ్ళకు మూలం. భాగాలు తక్కువ, బిగింపు గట్టిది. గురికి ఈ రెండూ అవసరమే.

దుకాణానికి నేనూ వెళ్ళాను. సందర్శక వీసా మీద వచ్చినవాడిని కనుక తుపాకి చేతపట్టలేదు. చూడడం, అడగడం వరకే నా పాత్ర. ఐదు వందల డాలర్ల లోపు ధరలో మూడు రైఫిళ్ళు మా ముందుకు వచ్చాయి. శావేజ్ వారి యాక్సిస్ 2, రూగర్ వారి అమెరికన్, మాస్‌బర్గ్ వారి పేట్రియట్. పక్క అరలో వెయ్యి డాలర్లు దాటినవి మెరుస్తున్నాయి. అంత తేడా ఎందుకు వచ్చిందన్నది నా మొదటి ప్రశ్న. దానికి జవాబు దొరికితే తక్కినవన్నీ దొరికినట్టే.

మన షాపులో ధర తగ్గించడానికి రెండు దారులున్నాయని అందరికీ తెలుసు. ఆలోచించి, అనవసరమైన పనిని తీసివేయడం ఒకటి. ఆలోచించక, అవసరమైన పనిని కోసివేయడం మరొకటి. రెండింటికీ వ్యయ నియంత్రణ అనే పేరు. ఈ రైఫిళ్ళ చరిత్రలో రెండింటికీ చక్కని ఉదాహరణలున్నాయి.

మొదటిది శావేజ్ కంపెనీలో నికొలస్ బ్రూవర్ రూపొందించగా 1958లో వచ్చిన మోడల్ 110. తూటాను అరలో ఆపే అంచుకూ, బోల్టు ముఖానికీ మధ్య ఉండవలసిన దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. అది అంగుళంలో వేయవ వంతుల లెక్కన సరిపోవాలి. ఎక్కువైతే తొడుగు చిట్లవచ్చు, తక్కువైతే గడియ పడదు. పాత పద్ధతిలో నిపుణుడైన ఫిట్టరు ఒక్కొక్క గొట్టాన్ని బిగించి, అరను కొద్దికొద్దిగా రీమరుతో తీసి, గేజు పెట్టి చూసి, మళ్ళీ తీసి సరిచేసేవాడు. బ్రూవర్ పద్ధతిలో గొట్టానికి మరలు కోసి ఒక నట్టు ఎక్కించారు. అరలో 'గో' గేజు పెట్టి, గడియ వేసి, గొట్టాన్ని గేజుకు తాకేవరకు తిప్పి, నట్టు బిగిస్తే పని పూర్తి. 'నో-గో' గేజుతో సరిచూసుకుంటే చాలు. గంట పని నిమిషాలకు దిగింది. కొలత మాత్రం మరింత నికరమయింది. గురికీ చౌకకూ వైరం లేదని ఆ ఒక్క నట్టు రుజువు చేసింది. యాక్సిస్‌లో ఉన్నది ఆ నట్టే. 2012లో వచ్చిన రూగర్ అమెరికన్ కూడా ఆ పద్ధతినే అనుసరించింది.

రెండవ ఉదాహరణ విన్‌చెస్టర్ మోడల్ 70. 1936లో వచ్చిన ఆ రైఫిలును అక్కడివారు అపురూపంగా చూసుకునేవారు. అందులో మర పని, చేతి పని ఎక్కువ. ఖర్చు భరించలేక 1964లో కంపెనీ దాని రూపు మార్చింది. తూటాను మొదటినుంచీ పట్టి ఉంచే పొడవాటి కొక్కెం పోయింది. స్టాక్ మీద చేతితో చెక్కే గళ్ళ స్థానంలో అచ్చు ఒత్తిడి వచ్చింది. కొనేవారు చేతిలోకి తీసుకున్న క్షణంలోనే తేడా గ్రహించారు. అరవై నాలుగుకు ముందువి అన్న మాట ఈనాటికీ అక్కడి పాత తుపాకుల బజారులో మేలిమికి మారుపేరు. కంపెనీ 1992లో ఆ కొక్కేన్ని తిరిగి తెచ్చింది గాని, పోయిన పేరు కొక్కెంతోపాటు తిరిగి రాలేదు.

ఈ రెండు కథలనూ గీటురాయిగా పెట్టుకుని మేము మూడింటినీ పరిశీలించాము. ఎక్కడ తగ్గించారు, తగ్గించినది గురికీ భద్రతకూ సంబంధించినదా అన్నదే ప్రశ్న. గొట్టం విషయంలో ఎవరూ రాజీపడలేదని తేలింది. రూగర్ గొట్టాన్ని లోపల గాడుల అచ్చు ఉంచి బయటినుంచి సమ్మెటపోట్లతో చల్లగానే సాగగొడతారు. శావేజ్ గొట్టంలో గట్టి బటన్‌ను ఈడ్చి గాడులు తీస్తారు. రెండూ వేగవంతమైన పద్ధతులే, రెండూ నికరమైనవే. తగ్గించినది బయటి సొగసులో. నిగనిగలాడే నల్లరంగు బదులు మందమైన రంగు, వాల్‌నట్ కొయ్య బదులు ప్లాస్టిక్ స్టాక్. ప్లాస్టిక్ వానకు ఉబ్బదు, చలికి వంగదు కనుక దానిని నేను లోపంగా లెక్కించలేదు. ఒక్క విషయం మాత్రం పరీక్షించి తీరవలసినది. గొట్టానికీ స్టాక్ ముందుభాగానికీ మధ్య కాగితం ముక్క అడ్డులేకుండా జారాలి. అల్లుడు చేత్తో కాస్త నొక్కినప్పుడు దుకాణంలోని ఒక రైఫిలులో ఆ ఖాళీ మూసుకుపోయింది. కట్టె మీదనో కొమ్మ మీదనో ఆనించి పేల్చినప్పుడు గొట్టం మీద ఆ ఒత్తిడి పడితే గుండు పడే చోటు మారుతుంది. దానిని పక్కన పెట్టించాను.

తరువాత ట్రిగ్గరు. అది బరువుగా ఉంటే లాగే వేలు రైఫిలునే కదిలిస్తుంది. మరీ తేలికైతే ప్రమాదం. శావేజ్ యాక్యుట్రిగ్గర్‌లో ట్రిగ్గరు మధ్య సన్నని రేకు ఉంటుంది. వేలు దానిని నొక్కనిదే కుదుపు తగిలినా పేలదు. రూగర్ వారిది 3 నుంచి 5 పౌన్ల మధ్య, మాస్‌బర్గ్ వారిది 2 నుంచి 7 పౌన్ల మధ్య సవరించుకోవచ్చు. కొద్దికాలం కిందట ఇటువంటి ఏర్పాట్లు ఖరీదైన రైఫిళ్ళకే ఉండేవి.

బోల్టు తీరులోనూ భేదముంది. శావేజ్ బోల్టుకు రెండు బిగింపు చెవులు. పిడి 90 డిగ్రీలు ఎత్తాలి. రూగర్‌కు మూడు చెవులు. 70 డిగ్రీలు చాలు. స్కోపు కింద చేతికి చోటు మిగులుతుంది. రూగర్ స్టాక్ లోపల రెండు ఉక్కు దిమ్మెలు పొదిగి, యాక్షన్ వాటిమీద కూర్చునేలా చేశారు. ప్లాస్టిక్ మీద నేరుగా కూర్చోబెట్టడం కన్నా అది నికరమని నాకు అనిపించింది. పేట్రియట్ కొయ్య స్టాక్‌తో చూడముచ్చటగా ఉంది. అల్లుడి కన్ను దాని మీదే నిలిచింది. "అందానికి ఇచ్చే సొమ్మును స్కోపుకు దాచు బాబూ" అన్నాను.

ఇక తూటా. చౌక రైఫిలు తేలిక. రూగర్ మూడు కిలోలకు లోపే. తేలిక రైఫిలు భుజాన్ని గట్టిగా తన్నుతుంది. ఆ తాపుకు భయపడినవాడు పేలకముందే కళ్ళు మూసుకుంటాడు, గురి అక్కడే చెడుతుంది. అందువల్ల 1952 నాటి .308 విన్‌చెస్టర్‌ను వదలి, తాపు తక్కువగల 6.5 క్రీడ్‌మోర్‌కు మొగ్గాము. 2007లో వచ్చిన ఆ తూటా జింకకు చాలినంత బలమైనది. చివరికి రూగర్ అమెరికన్ ఖాయమయింది. ఫారం నింపడం, ప్రభుత్వ రికార్డుల తనిఖీ ముగిసిన తరువాత రైఫిలు ఇంటికి వచ్చింది.

లెక్క చెబుతాను. రైఫిలు 430 డాలర్లు, స్కోపు 220, దానిని బిగించే సామగ్రి 30, ఉక్కు బీరువా 250, ఎనిమిది పెట్టెల తూటాలు 200. మొత్తం 1,130 డాలర్లు. అందులో రైఫిలు వాటా నలభై శాతంకన్నా తక్కువ. వెయ్యి డాలర్ల రైఫిలు కొని ఉంటే బీరువాకూ తూటాలకూ మిగిలేది ఏమీ లేదు. చౌక రైఫిలు వల్ల కలిగే అసలు లాభం ఇదేనని నా అభిప్రాయం. మిగిలిన సొమ్ము గురికీ, పిల్లవాడి క్షేమానికీ పోవాలి. జేబులోకి పోతే ఆ చౌకకు అర్థం లేదు.

సెప్టెంబరులో శిక్షణ, దానితోపాటు సాధన మొదలయ్యాయి. శిక్షణలో నేర్పిన నాలుగు సూత్రాలను మా మనవడు కూడా వల్లె వేశాడు. ప్రతి తుపాకినీ నిండినదిగానే భావించు. గొట్టాన్ని ఎప్పుడూ క్షేమమైన దిక్కుకే తిప్పి ఉంచు. గురినీ, గురి వెనుక ఉన్నదానినీ నిర్ధారించుకో. పేల్చే క్షణం వరకు ట్రిగ్గరు మీద వేలు పెట్టకు. మన క్రేను కింద, ప్రెస్సు ముందు పాటించే నియమాలకూ వీటికీ నాకు భేదం కనిపించలేదు.

గురి మైదానంలో మొదటిరోజు ఫలితం తనిఖీదారుగా నాకు మరపురానిది. బల్లమీద ఇసుక సంచులకు ఆనించి, 100 గజాల దూరాన కాల్చిన మూడు గుండ్లు ఒకటిన్నర అంగుళాల వలయంలో పడ్డాయి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల పళ్ళెమంత. కనుక యంత్రం పరీక్షలో నెగ్గింది. అడవిలో బల్ల ఉండదు గదా అని అల్లుడిని నేలమీద కూర్చుని, కర్రకు ఆనించి కాల్చమన్నాము. అప్పుడు మూడు గుండ్లూ పదకొండు అంగుళాల మేర చెదిరాయి. రైఫిలు అదే, తూటా అదే, దూరం అదే. ఒకటిన్నర యంత్రానిది, తక్కిన తొమ్మిదిన్నర మనిషిది. వెయ్యి డాలర్ల రైఫిలైతే ఆ ఒకటిన్నరలో అర అంగుళం తగ్గించేదేమో గాని, ఆ తొమ్మిదిన్నరను ఏం చేయగలదు?

అభ్యాసం కూసువిద్య అన్నారు పెద్దలు. ప్రతిరాత్రి పిల్లవాడు నిద్రపోయిన తరువాత ఖాళీ రైఫిలుతో పావుగంట సేపు గోడమీది చుక్కకు గురిపెట్టి ట్రిగ్గరు నొక్కడం, ప్రతి ఆదివారం మైదానంలో ఒక పెట్టె తూటాలు. నేను ప్రతి గుండు పడిన చోటును గళ్ళ పుస్తకంలో ఎక్కించేవాడిని, మన తనిఖీ రిజిస్టరులాగా. నవంబరు నడిమికి కూర్చుని కాల్చినా 100 గజాలలో ఐదు అంగుళాలకు వచ్చాడు. 125 గజాలలో ఆరున్నర. 150 గజాలలో ఎనిమిది దాటింది. ఆ రిజిస్టరు కింద అల్లుడు స్వహస్తాలతో ఒక గీత గీసి, "125 గజాలు" అని రాసి సంతకం చేశాడు. మా అమ్మాయి కూడా పక్కన సంతకం పెట్టింది.

2019 నవంబరు 23న వేట కాలం మొదలయింది. నారింజరంగు చొక్కాలు తొడుక్కుని చీకటితోనే బయలుదేరేవారు. నాలుగవరోజు సాయంత్రం మొక్కజొన్న చేను అంచున ఒక పెద్ద మగజింక పక్కకు తిరిగి నిలబడిందట. దూరం కొలిచే పరికరంలో 190 గజాలు చూపింది. సహోద్యోగి "కొట్టవచ్చు" అని సైగ చేశాడట. రైఫిలుకు ఆ దూరం లెక్కలోది కాదు. స్కోపులో జింక స్పష్టంగా ఉంది. అల్లుడు రెండు నిమిషాలు దానిని చూసి, గడియ తీసి, తూటా బయటకు లాగి జేబులో వేసుకున్నాడు. ఆ తొమ్మిది రోజులలో రైఫిలు ఒక్కసారి కూడా పేలలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అతడు ఈ సంగతి చెబుతున్నప్పుడు మా అమ్మాయి ఏమీ అనలేదు. మర్నాడు ఉదయం నాతో, "ఇక నాకు దిగులు లేదు నాన్నా" అంది. బీరువా తాళంచెవి మాత్రం తన కొంగున ఉన్నట్టే తన దగ్గరే ఉంచుకుంది.

మరుసటి సంవత్సరం నేను ఇక్కడ ఇంటివద్ద ఉండగా ఫోను వచ్చింది. 70 గజాలు, ఒకే గుండు, జింక నాలుగు అడుగులు వేసి ఒరిగిపోయిందట. "బాధపడలేదు మామయ్యగారూ" అన్నాడు. గొంతులో సంతోషం లేదు, గర్వమూ లేదు. కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. తరువాత, ఆ రిజిస్టరులో ఆ తేదీ ఎదుట దూరం, గుండు పడిన చోటు రాయమని చెప్పాను. అప్పటికే రాశానన్నాడు.